ఒంటరి ప్రయాణానికి ఒక్క సంచి

నెలల తరబడి ఒంటరిగా ఊళ్లు తిరిగే స్త్రీ తన సామానును తానే ఎత్తగలగాలి, రైలుపెట్టెలో తలకంటె ఎత్తున ఉండే బెర్తు మీదికి తానే చేర్చగలగాలి, కాపలాకు మరొకరు ఉండరు కనుక మరుగుదొడ్డికి వెళ్లినప్పుడు సైతం దాన్ని వెంట తీసుకుపోగలగాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి సాధ్యం కాకపోయినా ఆమె ప్రయాణం ముక్కూమొహం తెలియనివారి మంచితనం మీద ఆధారపడుతుంది. తోడు ఉన్నప్పుడు బరువు ఒక ఇబ్బంది మాత్రమే కాగా, తోడు లేనప్పుడు అదే పరాధీనతగా మారుతుంది. అందుచేత తక్కువ సామానుతో ప్రయాణించడమనే విషయాన్ని పొదుపు కిందనో సోకు కిందనో జమకట్టకుండా, స్త్రీ స్వేచ్ఛకు సంబంధించిన విషయంగా పరిశీలించవలసి ఉంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్‌లో వాటి నుంచి ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాల్లోనూ సామాను సర్దడమనగానే ముందుగా గుర్తుకు వచ్చేది అమెరికా ప్రయాణమే. 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు, వాటిలో ప్రెషర్ కుక్కరు, ఏడాదికి సరిపడా కారాలు, పచ్చళ్లు, పండగకు కట్టుకోవడానికి పట్టుచీరలు, ఇంకా జాగా మిగిలితే ఇరుగుపొరుగువారు తమ పిల్లలకు ఇవ్వమని తెచ్చిన పొట్లాలు, ఇవన్నీ ఇంటిల్లిపాదీ కూర్చుని తూకం వేసి మరీ సర్దుతారు. ఆ సర్దుడులో నైపుణ్యం లేదనడానికి వీల్లేదు గాని, అది ఒక చోటికి చేరి అక్కడ కాపురం పెట్టబోయేవారి సామాను. విమానాశ్రయం నుంచి కారులో గదికి చేరిన తర్వాత దాన్ని మళ్లీ మోయవలసిన అవసరం ఉండదు. మూడు రోజులకొకసారి ఊరు మారే ప్రయాణికురాలికి ఆ లెక్క పనికిరాదు. ఈ రెండు రకాల ప్రయాణాలను వేరుచేసి చూడకపోవడం వల్లనే, ఆరు నెలల పాటు దేశం తిరగడానికి బయలుదేరే యువతి చేతికి కూడా ఇంటివారు కాపురం పెట్టెనే అందిస్తున్నారు.

తక్కువ సామానుతో తిరగడమనేది ఈ నేలకు కొత్తది కాదు. కృష్ణాతీరంలోని అమరావతి, నాగార్జునకొండ ఒకప్పుడు బౌద్ధానికి పెద్ద కేంద్రాలు. అమరావతి స్తూపానికి దానాలిచ్చినవారిలో భిక్షుణులు, అంటే బౌద్ధ సంఘంలో చేరిన సన్యాసినులు కూడా ఉన్నట్లు అక్కడి శాసనాలే చెబుతున్నాయి. బౌద్ధ సంఘం నడవడికను నిర్ణయించే నియమావళిని వినయం అంటారు. ఆ సంప్రదాయంలో భిక్షువుకు ఉండదగిన అవసర వస్తువులు ఎనిమిది: మూడు వస్త్రాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీటిని వడకట్టే గుడ్డ. భిక్షుణులకు మాత్రం వస్త్రాలు ఐదు, ఎందుకంటే రొమ్మును కప్పే వస్త్రాన్నీ స్నానానికి కట్టుకునే వస్త్రాన్నీ వారికి అదనంగా చేర్చారు. రెండు వేల ఏళ్లకు పైబడిన ఈ జాబితాలో సూది ఉంది, నీటి శుభ్రత ఉంది, స్త్రీ శరీరానికి ప్రత్యేకంగా కావలసినవి ఏమిటన్న ఆలోచన కూడా ఉంది. ఈనాటి ప్రయాణికురాలు దీనికి కలపవలసినవి అంత ఎక్కువేమీ కావు. అయితే అదే వినయం భిక్షుణి ఒంటరిగా ఊళ్లోకి వెళ్లడాన్నీ, ఒంటరిగా నది దాటడాన్నీ, రాత్రివేళ ఒంటరిగా ఉండటాన్నీ పెద్ద దోషాల్లో చేర్చింది. సామానును తగ్గించుకునే హక్కు ఆమెకు దక్కినా, తోడు లేకుండా నడిచే హక్కు దక్కలేదన్నమాట.

ఆ హక్కు చాలాకాలం దక్కలేదు. ఆ రోజుల్లో మగవారి దూరప్రయాణాలే పరివారంతో సాగేవి: ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చినప్పుడు ఆయన వెంట బంధువులు, పరిచారకులు, బోయీలు కలిసి ఒక పెద్ద పరివారమే నడిచింది; డేరాలూ పల్లకీలూ లేకుండా ఆ ప్రయాణం సాధ్యమయ్యేది కాదు. గుంటూరులో 1930లో పుట్టిన నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ అనే ప్రసిద్ధమైన యాత్రాగ్రంథం రాశారు గాని, అందులోని ప్రయాణం విద్యార్థినుల బృందంతో సాగినది. ప్రకాశం జిల్లాలో పుట్టి, కాలినడకన దేశం తిరిగి ‘భ్రమణకాంక్ష’ రాసిన ఆచార్య మాచవరపు ఆదినారాయణ, ‘స్త్రీ యాత్రికులు’ అనే మరొక పుస్తకంలో ప్రపంచాన్ని చుట్టిన స్త్రీలను తెలుగువారికి పరిచయం చేశారు. మిరప, పత్తి పొలాల మధ్య నుంచి ఒంటరిగా బయలుదేరే యువతికి ఆ పుస్తకం మంచి తోడు, కాకపోతే దాన్ని ఇంటి దగ్గరే చదివి వెళ్లడం మంచిది, ఎందుకంటే పుస్తకాలు బరువు.

సామానుకూ స్త్రీ స్వేచ్ఛకూ ఉన్న ముడి అమెరికన్ పత్రికా రచయిత్రి నెల్లీ బ్లై ఉదంతంలో తేటతెల్లంగా కనిపిస్తుంది. ఎనభై రోజుల లోపు భూమిని చుట్టి వస్తానని ఆమె తన పత్రిక యాజమాన్యానికి చెప్పినప్పుడు, ఆడదానికి రక్షకుడు తోడుండాలనీ, ఒకవేళ ఒంటరిగా వెళ్లినా మోసుకుపోవలసిన పెట్టెల వల్ల ఓడలూ రైళ్లూ చకచకా మారడం కుదరదనీ వారు అభ్యంతరం చెప్పారు. అంటే స్త్రీని ఇంట్లో ఉంచడానికి చెప్పిన రెండు కారణాల్లో ఒకటి సామానే. ఆమె 1889 నవంబరు 14న ఒంటి మీద ఒకే ఒక ప్రయాణపు దుస్తుతో, ఒక పైకోటుతో, సుమారు పదహారు అంగుళాల పొడవూ ఏడు అంగుళాల ఎత్తూ ఉన్న ఒక చేతిసంచితో బయలుదేరి, 72 రోజుల తర్వాత 1890 జనవరి 25న తిరిగి వచ్చారు. లోదుస్తులు, సూదీదారం, కాగితాలు, కలాలు, సిరాబుడ్డి, చెప్పుల జత, మంచినీళ్లు తాగే చిన్న గిన్నె ఆ సంచిలో ఇమిడాయి. అందులో ఆమెను విసిగించింది ముఖానికి రాసుకునే క్రీము సీసా ఒక్కటే, ఎందుకంటే అన్నిటికంటె ఎక్కువ జాగా ఆక్రమించి, సంచి మూతపడనివ్వకుండా చేసింది అదే. నూట ముప్ఫై ఏళ్లు దాటినా, ప్రయాణపు సంచిలో అనవసరమైన బరువుకు మొదటి కారణం నేటికీ సీసాలూ డబ్బాలే.

గుంటూరు మైదానంలో ఏటా కళ్లెదుటే కనిపించే ప్రయాణికురాళ్లు వేరే ఉన్నారు. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతమైన కోసిగి, మంత్రాలయం, ఆదోని పరిసరాల నుంచి మిరప కోతలకూ పత్తితీతకూ కుటుంబాలు కుటుంబాలుగా ఇక్కడికి వలస వస్తాయి. పంట కాలంలో ఇలా పనికోసం ఊరు విడవడాన్ని ఆ ప్రాంతంలో సుగ్గికి పోవడం అంటారు. బొంతలు, రెండు మూడు గిన్నెలు, బియ్యపు మూట, గుడిసె మీద కప్పుకునే పట్టా, పిల్లలు, ఇంతే వారి సామాను. ఆ స్త్రీలు పొలంలో దిగే తీరును దగ్గరగా చూస్తే ప్రయాణపు దుస్తుల గురించి ఏ పుస్తకమూ చెప్పలేనంత తెలుస్తుంది. చీర మీద మగవాళ్ల పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటారు, అది ఎండనూ ఆపుతుంది, మిరప ఘాటునూ చర్మానికి తగలనివ్వదు. తువ్వాలును తలకు చుట్టి దాని కొసను ముక్కు మీదుగా బిగిస్తారు. పత్తి తీసేటప్పుడు పాత గుడ్డను నడుముకు ఒడిలా కట్టుకుని రెండు చేతులతోనూ తీసి అందులో వేస్తారు. ఒక గుడ్డ మూడు పనులు చేస్తుంది, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. తమ ఇష్టంతో కాక కరవు తరమడం వల్ల వచ్చినవారి నేర్పును విహారయాత్రల పాఠంగా చెప్పేటప్పుడు ఒక విషయాన్ని మరవకూడదు: వారి మూట చిన్నదిగా ఉండటానికి కారణం వారి ఇంట్లోనూ అంతకంటె ఎక్కువ లేకపోవడమే. ఆ నేర్పును గౌరవించడం వేరు, ఆ పేదరికాన్ని అందంగా చూపడం వేరు.

ఇక ఇష్టపడి బయలుదేరే స్త్రీ తన సంచిని ఎంత బరువుకు పరిమితం చేసుకోవాలనే ప్రశ్నకు సమాధానం ఏడు కిలోలు. ఇది ఎవరో ఊహించి చెప్పిన సంఖ్య కాదు; మన దేశంలోనూ ఆసియాలోని అనేక దేశాల్లోనూ విమానంలో ప్రయాణికుల వెంట చేతిసామానుగా అనుమతించే బరువు సాధారణంగా ఇంతే. ఈ హద్దులో ఉన్న సంచిని విమాన సిబ్బందికి అప్పగించనక్కరలేదు కనుక అది దారితప్పి మరో ఊరు చేరే ప్రమాదం ఉండదు, దిగాక ఎదురుచూపులూ ఉండవు. సగటు స్త్రీ శరీర బరువులో ఇది సుమారు ఎనిమిదో వంతే కాబట్టి, బస్సు ఆగిన చోటు నుంచి గది దొరికే చోటు వరకు రెండు మూడు కిలోమీటర్లు నడవవలసి వచ్చినా నడవగలుగుతుంది.

చక్రాల పెట్టె నున్నటి నేల మీద హాయిగా కదులుతుంది గాని, పల్లెవెలుగు బస్సు మెట్ల దగ్గరా, రైల్వే స్టేషన్లో ఒక ప్లాట్‌ఫారం నుంచి మరొక దానికి వంతెన ఎక్కవలసి వచ్చినప్పుడూ, వానాకాలపు బురద వీధిలోనూ దాన్ని చేతులతోనే మోయాలి. అందుచేత బ్యాక్‌ప్యాక్, అంటే రెండు భుజాలకూ తగిలించుకునే వీపుసంచి, దీర్ఘ ప్రయాణాలకు మేలైనది. సంచిలో పట్టే పరిమాణాన్ని లీటర్లలో చెబుతారు. 35 నుంచి 40 లీటర్ల సంచి చాలు, అంతకంటె పెద్దది కొంటే ఖాళీ జాగా తప్పక ఏదో ఒకదానితో నిండుతుంది. కొనేటప్పుడు నడుముకు బిగించే వెడల్పాటి పట్టీ ఉందో లేదో చూసుకోవాలి. చెరువు నుంచి నీళ్లు తెచ్చే స్త్రీలు బిందెను భుజాన వేలాడదీయక నడుము ఎముక మీద ఆనించుకున్నట్లే, ఈ పట్టీ కూడా బరువులో ఎక్కువ భాగాన్ని భుజాల మీద నుంచి తుంటి ఎముకల మీదికి దించుతుంది. స్త్రీల మొండెం సాధారణంగా పొట్టిగా ఉండటం వల్ల మగవారి కొలతకు కుట్టిన సంచుల్లో ఈ పట్టీ తుంటి కిందికి జారిపోతుంది. దుకాణంలోనే నాలుగైదు కిలోల బరువు వేయించి, తగిలించుకుని పది నిమిషాలు నడిచి చూడటం అవసరం.

ఎక్కువ రోజులకు ఎక్కువ బట్టలు కావాలనే నమ్మకం సంచి బరువును పెంచే రెండో కారణం. వారానికి సరిపోయే బట్టలే ఏడాదికీ సరిపోతాయి, ఎందుకంటే బట్టల సంఖ్యను నిర్ణయించేది ప్రయాణపు నిడివి కాదు, ఉతుకులకు మధ్య ఎడమే. ఒంటి మీద ఒక జత, ఉతికి ఆరేసినది ఒకటి, మడిచి పెట్టుకున్నది ఒకటి ఉంటే ఎన్ని నెలలైనా గడుస్తాయి. లోదుస్తులు మాత్రం నాలుగైదు జతలు ఉంచుకోవాలి.

ఏ బట్ట తీసుకోవాలనే విషయంలో పత్తి పండించే ప్రాంతపు స్త్రీకి కొంత ముందే తెలిసి ఉంటుంది. నూలు సన్నదనాన్ని కౌంటు అనే అంకెతో కొలుస్తారు. ఒక పౌను బరువు గల నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అన్ని కౌంట్లు, కనుక అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. మంగళగిరిలో గుంటమగ్గాల మీద, అంటే నేతగాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గాల మీద, ఎక్కువగా 80 కౌంటు నూలు నేస్తారు. అలాంటి సన్నటి నేత చదరపు మీటరుకు 100 గ్రాముల లోపే తూగుతుంది, చీర మొత్తం కలిపినా అర కిలోకు అటూ ఇటూగానే ఉంటుంది. జీన్సు గుడ్డ చదరపు మీటరుకే 300 గ్రాములు దాటుతుంది, తడిస్తే త్వరగా ఆరదు. ఒక్క జీన్సు ప్యాంటు బరువుకు దాదాపు ఒక పూర్తి జత మంగళగిరి పంజాబీ డ్రెస్సు వస్తుందన్న లెక్క గుర్తుంటే దుస్తుల విషయంలో సగం సమస్య తీరినట్లే.

చీరాల పేరు ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తేలియా రుమాలు అనే చతురస్రపు చేనేత గుడ్డ ఒకప్పుడు చీరాల ప్రాంతం నుంచి అరబ్బు దేశాలకు పెద్ద ఎత్తున ఎగుమతి అయ్యేది. నూలును నూనెలోనూ బూడిద నీటిలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసే ఈ గుడ్డ మెత్తగా ఉండి ఎండకు తలను చల్లగా ఉంచేది కాబట్టి, ఎడారి మనుషులు తలపాగాగా చుట్టేవారు, మన సముద్ర తీరంలో బెస్తవారు నడుముకు కట్టేవారు, అదే భుజం మీద తుండుగా, పక్క మీద దుప్పటిగా పనికివచ్చేది. ఈనాటి ప్రయాణికురాలి సంచిలో ఆ చోటు చున్నీది. రెండున్నర మీటర్ల పలుచటి నూలు చున్నీ ఒకటి వెంట ఉంటే స్లీపర్ బెర్తు మీద పక్కగుడ్డ అవుతుంది, గురుద్వారాలోనూ దర్గాలోనూ తలమీది ముసుగు అవుతుంది, పదిమంది పడుకునే వసతిగృహంలో మంచానికి తెరగా వేలాడుతుంది, స్నానం చేశాక తువ్వాలవుతుంది. విడిగా తువ్వాలు తీసుకువెళ్లడం మానుకుంటే దాదాపు అర కిలో తగ్గుతుంది.

రాత్రి ఉతికిన బట్ట తెల్లవారేసరికి ఆరాలంటే ఒక చిన్న పద్ధతి ఉంది. నీళ్లు పిండేసిన తడిబట్టను పొడి చున్నీ మీద పరచి, రెండింటినీ కలిపి చాపచుట్టలా చుట్టి, ఒక కొసను కాలి కింద తొక్కిపట్టి రెండో కొసను చేతులతో మెలితిప్పాలి. చున్నీ తడిని లాగేస్తుంది, లోపలి బట్ట ఫ్యాను కింద నాలుగైదు గంటల్లో ఆరుతుంది, చున్నీ అంతకు ముందే ఆరిపోతుంది. సబ్బుపొడి డబ్బాకు బదులు చిన్న సబ్బు ముక్క చాలు. అది ఒంటికీ బట్టలకూ కూడా ఉపయోగపడుతుంది, కారిపోదు, విమానాశ్రయ తనిఖీలో ద్రవాల లెక్కలోకీ రాదు.

నూలుకు ఒక పరిమితి ఉంది, దాన్ని దాచడం ప్రయాణికురాలికి మేలు చేయదు. నూలు నీటిని పీల్చుకుని వదలదు. రెంటచింతల ఎండల్లో చెమటను పీల్చి ఒంటిని చల్లబరిచే ఆ గుణమే లడఖ్ లోనో స్పితిలోనో ప్రాణం మీదికి తెస్తుంది, ఎందుకంటే కొండ ఎక్కుతూ చెమటపట్టిన నూలుబట్ట ఆగగానే మంచులా చల్లబడి ఒంటి వేడిని లాగేస్తుంది. చలిప్రాంతాలకు పొరల పద్ధతి పాటించాలి. ఒంటికి ఆనుకునే లోపలి పొరగా సన్నటి మెరినో ఉన్ని గాని త్వరగా ఆరే కృత్రిమ దారపు బట్ట గాని, దానిపైన వేడిని పట్టి ఉంచే స్వెట్టరు లాంటి పొర, అన్నిటికీ పైన గాలినీ వాననూ ఆపే పలుచటి జాకెట్టు, ఇలా మూడు పొరలు వేసుకుంటే ఒక్క బరువైన కోటు కంటె ఎక్కువ వెచ్చదనం తక్కువ బరువుతో వస్తుంది. మైదానాల్లో తిరిగినన్నాళ్లూ ఈ సామాను మోయవలసిన పని లేదు. కొండలకు ముందున్న ఊళ్లో కొనుక్కోవచ్చు, కిందికి దిగాక తపాలా పార్సిల్‌లో ఇంటికి పంపవచ్చు. బరువు తగ్గించుకోవడానికి తపాలా కార్యాలయాన్ని ఉపయోగించుకోవచ్చునన్న ఆలోచన చాలామందికి రాదు.

ఆహారం దగ్గర మన ప్రాంతపు తల్లుల మనసు ఒక పట్టాన ఒప్పుకోదు. బయటి తిండి చప్పగా ఉంటుందన్న బెంగతో గోంగూర పచ్చడి సీసా, కందిపొడి, నల్లకారం, కరివేపాకు కారం సంచిలోకి చేరతాయి. వీటిలో పచ్చడిని నిర్మొహమాటంగా ఇంట్లోనే ఉంచాలి. గాజుసీసా బరువు, నూనె కారితే సంచిలోని బట్టలన్నీ పాడవుతాయి, రోజుల తరబడి ఆ వాసన వదలదు. పొడుల సంగతి వేరు. వంద గ్రాముల కందిపొడి గట్టి ప్లాస్టిక్ కవరులో తీసుకువెళితే ఎక్కడైనా ఇంత వేడన్నం దొరికినప్పుడు ఒక పూట గడుస్తుంది, కడుపు బాగాలేని రోజున అదే మేలు. అయితే కారప్పొడిని విమానంలో చేతిసంచిలో తీసుకువెళ్లనివ్వరు. ఎదుటివారి కళ్లలో చల్లడానికి ఆయుధంగా వాడవచ్చునన్నదే కారణం. చేతిసామానుతో మాత్రమే విమానం ఎక్కే స్త్రీ కారాలను వదిలి వెళ్లాలి. ఆస్ట్రేలియా వంటి దేశాల్లో తినుబండారాలను అధికారులకు ముందుగా చెప్పి చూపకపోతే జరిమానా కూడా పడుతుంది.

ఆత్మరక్షణ కోసం చాలామంది వెంట ఉంచుకునే పెప్పర్ స్ప్రేలోని సారం కూడా మిరపదే. మిరపకాయకు ఘాటునిచ్చే రసాయనాన్ని కాప్సైసిన్ అంటారు. ఘాటును కొలిచే స్కోవిల్ మానంలో గుంటూరు సన్నం సుమారు 35,000 నుంచి 40,000 వరకు ఉంటుంది, స్ప్రే డబ్బాల్లో నింపే సారం దానికంటె ఎన్నో రెట్లు గాఢమైనది. మన దేశంలో దీన్ని దగ్గర ఉంచుకోవడం నేరం కాదు గాని విమానంలోకి వెంట తీసుకుపోనివ్వరు, బ్రిటన్‌లో దీన్ని 1968 నాటి తుపాకుల చట్టం కింద నిషేధిత ఆయుధంగా పరిగణిస్తారు. దేశాలు దాటే స్త్రీ దీనికి బదులు గట్టిగా మోగే ఈల ఒకటి మెడలో వేసుకోవడం ఉత్తమం. అది పది గ్రాములు కూడా ఉండదు, ఏ సరిహద్దులోనూ ఎవరూ అడ్డుచెప్పరు.

నెలసరి గురించి బహిరంగంగా చెప్పుకోకపోవడం వల్ల కూడా సంచి బరువెక్కుతుంది. కొత్త చోట దొరుకుతాయో లేదోనన్న భయంతో నాలుగైదు నెలలకు సరిపడా ప్యాడ్లు కుక్కుకుని బయలుదేరేవారు ఉన్నారు. మెన్‌స్ట్రువల్ కప్పు అనేది వైద్య అవసరాలకు వాడే సిలికోన్‌తో చేసిన చిన్న గిన్నె వంటి సాధనం. లోపల అమర్చుకుంటే రక్తాన్ని పీల్చుకోకుండా పట్టి ఉంచుతుంది, పన్నెండు గంటల లోపు తీసి, కడిగి, మళ్లీ వాడుకోవచ్చు, జాగ్రత్తగా వాడితే పదేళ్ల వరకు మన్నుతుంది. ఇది సురక్షితమనీ, కారిపోయే విషయంలో ప్యాడ్లకు తీసిపోదనీ 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. అయితే దీన్ని ప్రయాణంలో మొదలుపెట్టకూడదు. అలవాటు పడటానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి ఇంటి దగ్గరే నేర్చుకోవాలి, గర్భసంచిలో కాపర్-టి ఉన్నవారు ముందుగా వైద్యురాలిని అడగాలి. కప్పు వాడటం ఇష్టం లేనివారు ఒక నెలకు సరిపడా ప్యాడ్లు తీసుకుంటే చాలు, మన దేశంలో చిన్న పట్టణాల మందుల షాపుల్లో కూడా అవి దొరుకుతాయి.

బంగారం గురించి చెప్పక తప్పదు. పెళ్లయిన స్త్రీ మెడలో తాళి లేకుండా వెళ్లకూడదనీ, గాజులు లేని చేతులు అశుభమనీ పెద్దలు అనడం ఇక్కడ మామూలే. నమ్మకం ఉన్నవారు పుస్తెలను పసుపుతాడుకు గుచ్చుకుని లోపల వేసుకోవచ్చు, గొలుసునూ గాజులనూ బ్యాంకు లాకరులో ఉంచవచ్చు. ఒంటరి ప్రయాణంలో బంగారం దొంగలను పిలుస్తుంది, నిద్ర చెడగొడుతుంది. డబ్బు విషయంలో పాతకాలపు స్త్రీల పద్ధతే సరైనది: వారు చిన్న గుడ్డసంచిని బొడ్లో దోపుకునేవారు, స్నానానికి వెళ్లినా దాన్ని ఒంటి నుంచి దూరం చేసేవారు కాదు. పాస్‌పోర్టు, ఒక బ్యాంకు కార్డు, అత్యవసరానికి కొంత నగదు పట్టే పలుచటి నూలు సంచిని దర్జీ చేత కుట్టించి దుస్తుల లోపల కట్టుకోవాలి. రెండో కార్డును వీపుసంచి అడుగున వేరుగా ఉంచాలి, పత్రాల నకళ్లను డిజీలాకర్‌లోనూ ఇంటివారి దగ్గరా భద్రపరచాలి.

ఫోను, చార్జరు, ఒక పవర్ బ్యాంకు మించి విద్యుత్ పరికరాలు అక్కరలేదు. పవర్ బ్యాంకును విమానంలో చేతిసామానులోనే ఉంచాలి. నిత్యం వాడే మందులు వైద్యుల చీటీతో సహా ఉండాలి, ఎందుకంటే ఇక్కడ మామూలుగా రాసే ట్రమడాల్ వంటి నొప్పి మందుల మీద యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో గట్టి ఆంక్షలు ఉన్నాయి. వీటికి ఓఆర్‌ఎస్ పొట్లాలు, సూదీదారం, రెండు పిన్నీసులు, బట్టలు ఆరేసుకోవడానికి సన్నటి తాడు కలిపితే సామాను పూర్తయినట్లే. ఖాళీ సంచి కిలోంబావు, బట్టలు రెండున్నర కిలోలు, కాళ్లకు వేసుకున్నవి కాక మరో చెప్పుల జత, మిగిలినవన్నీ రెండు కిలోల లోపు వేసుకున్నా మొత్తం ఆరున్నర కిలోలు దాటదు.

బరువు తగ్గితే భద్రత పెరుగుతుందన్నది ఇంటివారు నమ్మవలసిన విషయం. రెండు చేతులూ ఖాళీగా ఉన్న స్త్రీ కదిలే బస్సు దిగగలుగుతుంది, నచ్చని గదిని వదిలి అర్ధరాత్రైనా బయటపడగలుగుతుంది, సామాను మోస్తానని వెంటపడేవారిని పట్టించుకోకుండా ముందుకు సాగగలుగుతుంది. వీటికి తోడు వ్యవస్థలు కూడా ఉన్నాయి. దూరప్రాంతపు రైళ్లలో స్లీపర్ తరగతిలో ఆరు బెర్తులు స్త్రీల కోటా కింద ఉంటాయి. ఒంటరిగా వెళ్లే స్త్రీలను ప్రయాణం మొదటి నుంచి చివరి వరకు కనిపెట్టుకుని ఉండేందుకు రైల్వే రక్షక దళం 2020లో ‘మేరీ సహేలీ’ కార్యక్రమాన్ని దేశమంతటా మొదలుపెట్టింది. సహాయం కోసం రైలులో 139, దేశంలో ఎక్కడైనా 112 ఫోను నంబర్లు పనిచేస్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్త్రీల రక్షణ కోసం తెచ్చిన శక్తి యాప్ 2025 మార్చి 8న, అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న మార్కాపురంలోనే ప్రారంభమైంది.

సంచి సర్దుకున్న తర్వాత దాన్ని పరీక్షించకుండా దూరదేశాలకు బయలుదేరడం మంచిది కాదు. ఆరు నెలలకు సర్దుకున్న ఆ సంచినే తగిలించుకుని, ముందుగా నాలుగైదు రోజులు సొంత రాష్ట్రంలో ఒంటరిగా తిరిగి రావాలి: గుంటూరులో బస్సెక్కి ఒంగోలు, అక్కడి నుంచి మార్కాపురం, గిద్దలూరు, నంద్యాల వరకు, ఊరికొక రాత్రి చొప్పున. రోజూ రాత్రి బట్టలు ఉతుక్కోవాలి, సంచిని ఎవరికీ అప్పగించకూడదు. తిరిగి వచ్చాక, మందులూ వానకోటూ మినహా, ఒక్కసారైనా బయటికి తీయని ప్రతి వస్తువునూ పక్కన పెట్టేయాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల స్త్రీలకు ప్రయాణం ఉచితం కనుక ఈ పరీక్షకు టికెట్టు ఖర్చు కూడా ఉండదు; ఆధార్ వంటి గుర్తింపు కార్డు ఒకటి వెంట ఉంటే చాలు.